ఫిట్స్ మాత్రలు వాడుతున్న అమ్మాయి పెళ్లి చేసుకోవచ్చా? పిల్లల్ని కనవచ్చా?

అమ్మా, మీరు అడిగింది క్లుప్తంగా మళ్లీ రాస్తాను. ఇదే అవస్థలో ఉన్న మిగతావాళ్లకూ పనికొస్తుంది.

మీకు 24 ఏళ్లు. పదహారో ఏట మొదలైంది. పొద్దున లేవగానే చేతులు ఒక్కసారిగా అదిరేవి, చేతిలో ఉన్న బ్రష్షో కాఫీ గ్లాసో జారి పడేది. ఇంటర్ పరీక్షలప్పుడు రాత్రంతా చదివి, తెల్లవారుజామున పూర్తిగా ఫిట్స్ వచ్చి పడిపోయారు. అప్పటినుంచి సోడియం వాల్‌ప్రోయేట్ రోజుకు 1000 మిల్లీగ్రాములు వాడుతున్నారు. మూడేళ్లుగా ఫిట్స్ లేవు. కానీ ఒళ్లు వచ్చింది, జుట్టు రాలుతోంది, నెలసరి రెండు మూడు నెలలకోసారి వస్తోంది. ఇప్పుడు ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు. ‘పెళ్లికి ముందే మాత్రలు మానేయ్, అత్తారింట్లో ఎవరికీ చెప్పకు’ అని మీ పెద్దమ్మ గారి సలహా. పెళ్లి చేసుకోవచ్చా, పిల్లలు పుడతారా, వాళ్లకూ ఈ జబ్బు వస్తుందా అని మీ భయం.

ముందు సూటిగా చెప్పేస్తాను. పెళ్లి చేసుకోవచ్చు. పిల్లల్ని కనవచ్చు. ఫిట్స్ ఉన్న తల్లుల్లో ఎక్కువమందికి ఆరోగ్యమైన బిడ్డలే పుడతారు. న్యూరాలజిస్టుగా పనిచేస్తున్న ఇన్నేళ్లలో అలాంటి తల్లుల్నీ బిడ్డల్నీ చాలామందిని చూశాను. అయితే రెండు మాటలు గట్టిగా పట్టుకోండి. ఒకటి, మీ అంతట మీరు మాత్రలు ఒక్క పూట కూడా మానవద్దు. రెండు, ఇప్పుడు వాడుతున్న ఈ మాత్ర మీదుండగా గర్భం రాకుండా చూసుకోండి. మానకూడదు, కానీ మార్చుకోవాలి. ఆ మార్పుకు నెలలు పడుతుంది కాబట్టి పెళ్లి కుదరకముందే మొదలుపెట్టాలి.

మానవద్దని ఎందుకంటున్నానో చెప్తాను. పొద్దుటి అదుర్లు, నిద్ర చెడితే ఫిట్స్ రావడం, యుక్తవయసులో మొదలవడం చూస్తే ఇది జువెనైల్ మయోక్లోనిక్ ఎపిలెప్సీ అనే రకంలా ఉంది. ఈఈజీ (మెదడు విద్యుత్ తరంగాలను చూసే పరీక్ష) చూడకుండా నేను ఖాయం చేయలేను, మీ డాక్టరు గారిని అడగండి. అదే అయితే తెలివితేటలకు లోటుండదు, ఎమ్మారై మామూలుగానే ఉంటుంది, సరైన మాత్రకు చాలా బాగా లొంగుతుంది. కానీ మాత్ర ఆపితే, ఏళ్ల తరబడి బాగున్నవాళ్లలో కూడా ఎక్కువమందికి తిరిగి వస్తుంది. మూడేళ్లుగా రాలేదంటే జబ్బు పోయిందని కాదు, మాత్ర దాన్ని ఆపి ఉంచిందని. పక్కింటి అమ్మాయి మూడేళ్లకు మానేసింది కదా అంటారు. ఆ అమ్మాయిది మెదడులో పురుగు తిత్తి వల్ల వచ్చిన ఫిట్స్ అయి ఉండొచ్చు. మన దేశంలో అది మామూలే. తిత్తి కరిగిపోయాక డాక్టర్లే మాత్రలు తగ్గించి ఆపేస్తారు. ఆ లెక్క మీకు వర్తించదు.

పెద్దమ్మ గారి సలహా పాటిస్తే ఏమవుతుందో నేను కళ్లారా చూశాను. ఒక అమ్మాయిని పెళ్లయిన మూడో రోజు, సత్యనారాయణ వ్రతం పీటల మీద నుంచి నేరుగా ఆసుపత్రికి తెచ్చారు. ఫిట్స్ ఒకదాని వెంట ఒకటి వస్తున్నాయి, మధ్యలో తెలివి రావడం లేదు. అది ప్రాణం మీదకు వచ్చే పరిస్థితి. ఏ మాత్ర వాడేదని తల్లిని అడిగాం. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత కొంగు ముడి విప్పి ఒక అట్ట ఇచ్చింది. పేరు అచ్చయిన వైపు ఎవరో గోళ్లతో గీకేశారు. వెండి రేకు మీద రెండు అక్షరాలు మిగిలి ఉన్నాయి. ఆ రెండక్షరాలను బట్టి ఏ మందో ఊహించి వైద్యం మొదలుపెట్టాం. పెళ్లికి వారం ముందు మానిపించారట. అమ్మాయి ఐసీయూ నుంచి క్షేమంగా బయటికి వచ్చింది. కానీ అత్తగారు వరండాలో నిలబడి అడిగింది జబ్బు గురించి కాదు, ‘మాకెందుకు చెప్పలేదు’ అని. దానికి ఆ ఇంట్లో ఎవరి దగ్గరా జవాబు లేదు.

ఇక మాత్ర సంగతి. వాల్‌ప్రోయేట్ చెడ్డ మందు కాదు. మీ రకం ఫిట్స్‌కి అంత బాగా పనిచేసే మందు ఇంకొకటి చెప్పడం కష్టం. మగవాళ్లకు నేను ఇప్పటికీ రాస్తాను, జాగ్రత్తలు చెప్పి. ఇబ్బంది గర్భంతోనే. మామూలుగా ఏ తల్లికైనా బిడ్డలో పెద్ద అవయవలోపం ఉండే అవకాశం నూటికి రెండు మూడు. గర్భంలో వాల్‌ప్రోయేట్ వాడితే అది సుమారు నూటికి పదికి చేరుతుంది. వెన్నుపాము మూసుకోకపోవడం, గుండెలో లోపం, గ్రహణమొర్రి లాంటివి. బిడ్డ చూడ్డానికి బాగానే ఉన్నా తర్వాత మాటలు, చదువు, నడవడికలో వెనకబడే అవకాశం ఇంకా ఎక్కువ, నూటికి ముప్ఫై నలభై మందిలో ఏదో ఒక స్థాయిలో కనిపిస్తుంది. డోసు పెరిగేకొద్దీ ప్రమాదం పెరుగుతుంది, తక్కువ డోసులో కూడా పూర్తిగా పోదు. బ్రిటన్‌లో 2018 నుంచి గర్భనిరోధక ఏర్పాటు లేకుండా గర్భం ధరించే వయసు ఆడవాళ్లకు ఈ మందు ఇవ్వకూడదని నియమం పెట్టారు. మన దగ్గర పదహారేళ్ల పిల్లకు మొదలుపెట్టిన మాత్రే పెళ్లయ్యేదాకా ఎవరూ తిరిగి చూడకుండా నడుస్తూ ఉంటుంది. మిమ్మల్ని తప్పుపట్టడం లేదు. ఈ మాట మీకు ఎవరైనా 18 ఏళ్లప్పుడే చెప్పి ఉండాల్సింది.

గర్భం అని తెలిశాక మార్చుకుంటే సరిపోదా అని చాలామంది అడుగుతారు. సరిపోదు. బిడ్డ వెన్నుపాము గొట్టం గర్భం నిలిచిన 28 రోజుల్లోపే మూసుకుంటుంది. అప్పటికి నెల తప్పి పది పదిహేను రోజులు కూడా కాదు. అందులోనూ మీకు రెండు మూడు నెలలు నెలసరి రాకపోవడం అలవాటైంది, అనుమానమే రాదు. నెలసరి సరిగా రావడం లేదు కాబట్టి గర్భం రాదులే అనుకోకండి. ఎప్పుడో ఒకప్పుడు అండం విడుదలవుతుంది, ఏ నెలలో అన్నది చెప్పలేం.

ఆ నెలసరి తేడా కూడా వేరే సమస్య కాకపోవచ్చు. వాల్‌ప్రోయేట్ ఆకలి పెంచి ఒళ్లు తెస్తుంది. అండాశయాల్లో నీటిబుడగలు, మగ హార్మోన్లు పెరగడం, నెలసరి తప్పడం, అంటే పీసీఓడీ అని మీరు వినేదంతా, ఈ మాత్ర వాడే అమ్మాయిల్లో ఎక్కువగా కనిపిస్తుంది. చిన్న వయసులో మొదలుపెట్టినవాళ్లలో మరీను. ఒక అమ్మాయికి ఇలాగే గైనకాలజీలో ఏడాదిపాటు హార్మోన్ మాత్రలు, స్కిన్ క్లినిక్‌లో జుట్టుకు వేరే మందులు, బరువుకు ఇంకో డైట్ నడిచాయి. ముగ్గురిలో ఎవరికీ ఫిట్స్ మాత్ర సంగతి చెప్పలేదు, ఇంట్లోవాళ్లు చెప్పనివ్వలేదు. మాత్ర మార్చాక నెలలు గడిచేకొద్దీ నెలసరి దారిలో పడింది, బరువూ కొంత తగ్గింది. అందరికీ అంత చక్కగా జరగదు. థైరాయిడ్ పరీక్ష, పొట్ట స్కానింగ్ ఎలాగూ చేయించుకోవాలి. కానీ గైనకాలజిస్టు ముందు కూర్చున్నప్పుడు మీ మాత్ర పేరు మొదటి మాటగా చెప్పండి.

మార్పు ఎలా ఉంటుందంటే, ముందు కొత్త మందు చేర్చి, అది సరైన డోసుకు వచ్చాక పాతదాన్ని మెల్లగా దించుతారు. మీ రకానికి సాధారణంగా ముందు ఆలోచించేది లెవెటిరాసెటమ్. గర్భంలో వాడినా బిడ్డలో లోపాల అవకాశం మామూలు తల్లులకు దాదాపు దగ్గరగానే ఉంటుంది. దాంతో కొందరికి చిరాకు, కోపం, దిగులు వస్తాయి. అది మీ స్వభావం మారడం కాదు, మందు ప్రభావం కావచ్చు. ఇంట్లోవాళ్లకు ముందే చెప్పి ఉంచండి, కనిపిస్తే డాక్టరుకు చెప్పండి. రెండోది లామోట్రిజిన్. గర్భానికి అదీ మంచిదే, కానీ కొందరిలో పొద్దుటి అదుర్లను పెంచుతుంది. పైగా వాల్‌ప్రోయేట్ వాడుతుండగా దాన్ని చేర్చాలంటే చాలా తక్కువ డోసుతో, వారాలు తీసుకుని పెంచాలి. తొందరపడితే ఒంటిమీద దద్దుర్లు వచ్చి, అరుదుగా చర్మం ఊడిపోయేంత ప్రమాదమవుతుంది. దద్దురు కనిపించిన రోజే ఫోన్ చేయాలి. కార్బమజెపైన్, ఫెనిటాయిన్ లాంటివి మీ రకం ఫిట్స్‌ని పెంచగలవు. ఎవరైనా వాటికి మార్చబోతే, పొద్దుటి అదుర్ల సంగతి వాళ్లకు తెలుసో లేదో కనుక్కోండి.

ఇంకో నిజం కూడా చెప్పాలి. కొద్దిమందికి వాల్‌ప్రోయేట్ తప్ప ఏదీ పట్టదు. మార్చి చూసి, ఫిట్స్ తిరిగొచ్చి, వీలైనంత తక్కువ డోసులో దానికే వెనక్కి వచ్చినవాళ్లున్నారు. ఫిట్స్ వచ్చి పడిపోవడం కూడా తల్లికీ బిడ్డకీ ప్రమాదమే. అప్పుడు భార్యాభర్తలు ఇద్దరూ డాక్టరు ఎదురుగా కూర్చుని, లెక్కలన్నీ విని నిర్ణయించుకోవాలి. భర్తకు తెలియకుండా ఆ మాట ఎలా మాట్లాడతారు?

మార్పు పూర్తయ్యాక కనీసం ఆరు నెలలు, వీలైతే ఇంకొంచెం ఎక్కువ, ఫిట్స్ లేకుండా గడవనివ్వండి. అప్పుడు గర్భానికి సిద్ధపడండి. ఈలోపు పెళ్లయితే గర్భనిరోధకం తప్పదు. పెళ్లయిన రెండో నెల నుంచే ‘ఏమైనా విశేషమా’ అని అడిగే చుట్టాలుంటారని నాకు తెలుసు. ఆ ఒత్తిడి ఆపగలిగేది మీ ఆయనే. ఇక్కడ ఒక మెలిక ఉంది. కార్బమజెపైన్, ఫెనిటాయిన్, ఫినోబార్బిటాన్ వాడేవాళ్లలో గర్భనిరోధక మాత్రలు సరిగా పనిచేయవు. లామోట్రిజిన్ వాడేవాళ్లలో దానికి తలకిందులుగా, ఈస్ట్రోజన్ ఉన్న మాత్రలు లామోట్రిజిన్ బలాన్ని సగానికి దించేస్తాయి, ఫిట్స్ రావొచ్చు. లెవెటిరాసెటమ్‌తో ఈ గొడవ లేదు. కాపర్-టీకి ఏ మందుతోనూ పేచీ లేదు. అలాగే ఫోలిక్ యాసిడ్ ఇప్పుడే మొదలుపెట్టడం గురించి డాక్టరుని అడగండి. ఫిట్స్ మాత్రలు వాడేవాళ్లకు మన దగ్గర 5 మిల్లీగ్రాముల మాత్ర రాయడం వాడుక. గర్భం కోసం ప్రయత్నించడానికి నెలల ముందు నుంచే వేసుకోవాలి. అలాగని వాల్‌ప్రోయేట్ చేసే హానిని అది పూర్తిగా చెరిపేయలేదు.

ఇది చదివేవాళ్లలో ఎవరికైనా ఇప్పటికే గర్భం వచ్చి, వాల్‌ప్రోయేట్ మీద ఉంటే, భయపడి మాత్ర ఆపేయకండి. రేపే న్యూరాలజిస్టును కలవండి.

గర్భం వచ్చాక జరిగే పొరపాటు వేరు. శరీరం మందును తొందరగా బయటికి పంపేస్తుంది. లామోట్రిజిన్ అయితే మరీ ఎక్కువ, లెవెటిరాసెటమ్ కూడా తగ్గుతుంది. అంటే డోసు పెంచాల్సి రావచ్చు. ఇంట్లో మాత్రం సరిగ్గా అప్పుడే తగ్గించాలనిపిస్తుంది. ఒక ఇంట్లో అత్తగారు ఎంతో ప్రేమతో, మనవడికి వేడి చేస్తుందని, కోడలి మాత్రను రోజూ కత్తిపీట మీద సగం చేసి ఇచ్చేవారు. అయిదో నెలలో ఆ అమ్మాయి వంటగదిలో పడిపోయింది. తర్వాతి విజిట్‌కి అత్తగారినే నా ఎదురుగా కూర్చోబెట్టి కారణం వివరించాను. అప్పటినుంచి మాత్ర టైముకు అందిందో లేదో చూసే పని ఆమే తీసుకున్నారు, కాన్పయ్యేదాకా ఒక్క పూట తప్పలేదు.

బిడ్డ అవయవాలను వివరంగా చూసే టిఫా స్కాన్ 18 నుంచి 20 వారాల మధ్య తప్పకుండా చేయించుకోండి. వేవిళ్లలో మాత్ర వేసుకున్న వెంటనే వాంతయితే మళ్లీ వేసుకోవాలా వద్దా అన్నది డాక్టరుని ముందే అడిగి ఉంచుకోండి. ఫిట్స్ ఉన్నంత మాత్రాన సిజేరియన్ అక్కర్లేదు, మామూలు కాన్పు కావచ్చు. అయితే కాన్పు ఆసుపత్రిలోనే జరగాలి, మీ మాత్రలు మీ సంచిలోనే ఉండాలి. ఆపరేషన్ కోసం ఏమీ తినవద్దన్నా, ఫిట్స్ మాత్ర గుక్కెడు నీళ్లతో వేసుకోవచ్చేమో అడగండి. గర్భం వల్ల బీపీ పెరిగి వచ్చే ఫిట్స్ వేరే జబ్బు, దానికి మందూ వేరే. అందుకే మీకు కాన్పు దగ్గర్లో ఫిట్స్ వస్తే ‘ఈమెకు ఎప్పుడూ ఉండేదే’ అని వదిలేయకుండా బీపీ, మూత్రం చూడమనాలి.

పాలు ఇవ్వొచ్చు. లెవెటిరాసెటమ్, లామోట్రిజిన్ రెండింటితోనూ ఇవ్వొచ్చు. కాన్పయ్యాక పెంచిన డోసును మళ్లీ దించాలి, ఆ తేదీ ముందే రాయించుకోండి. అన్నిటికంటే కష్టం నిద్ర. మీ రకానికి నిద్రే సగం మందు. రాత్రి ఒక ఫీడింగు మీ అమ్మగారో మీ ఆయనో పిండిన పాలతో పట్టి, మీకు ఏకబిగిన కొన్ని గంటలు నిద్ర దక్కనివ్వాలి. బిడ్డకు నేల మీద కూర్చుని పాలివ్వండి, బట్ట కూడా నేల మీదే మార్చండి. కాళ్లు చాపుకుని బిడ్డను పడుకోబెట్టి నీళ్లు పోసే పని ఎవరూ లేనప్పుడు ఒంటరిగా వద్దు. ఇవన్నీ చేయాలంటే ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి కదా.

పిల్లలకు వస్తుందా అంటే, రావొచ్చు కానీ రాకపోవడానికే అవకాశం చాలా ఎక్కువ. మామూలు జనాభాలో నూటికి ఒకరికి ఫిట్స్ జబ్బు ఉంటుందనుకుంటే, తల్లికి ఉన్నప్పుడు అది కొంచెం పెరిగి సుమారు అయిదు దాకా వెళ్లొచ్చు. అంటే నూటికి 95 మంది వరకు పిల్లలకు రాదు. మేనబావనిస్తే విషయం ఇంట్లోనే ఉంటుందని కూడా అనుకుంటున్నారని రాశారు. ఆ కారణంతో వద్దమ్మా. రక్తసంబంధంలో పెళ్లి కొన్ని జన్యు జబ్బుల అవకాశాన్ని పెంచుతుంది, అటువైపు కూడా ఎవరికైనా ఫిట్స్ ఉంటే ఇంకా ఆలోచించాలి. బావ అంటే ఇష్టమై చేసుకుంటానంటే అది వేరే మాట, అప్పుడు ఒకసారి జన్యు సలహా తీసుకోండి.

అబ్బాయికి ఎప్పుడు చెప్పాలి? పెళ్లిచూపుల మొదటి పూటే చెప్పక్కర్లేదు. రెండు వైపులా నచ్చాక, తాంబూలాలు మార్చుకునే లోపు చెప్పాలి. మీరే చెప్పండి, మధ్యవర్తి చేత కాదు. హిందూ వివాహ చట్టంలో ఒకప్పుడు పదేపదే మూర్ఛ వచ్చేవాళ్లు పెళ్లికి తగరన్న మాట ఉండేది. 1999 సవరణలో దాన్ని తీసేశారు. ఈ రోజు మీ జబ్బు మీ పెళ్లికి అడ్డంకి కాదని చట్టమే చెబుతోంది. కానీ ముఖ్యమైన విషయం దాచి ఒప్పించారని రుజువైతే పెళ్లి రద్దు కోరే దారి అదే చట్టంలో ఉంది. జబ్బు తప్పు కాదు, దాచడమే తప్పుగా మారుతుంది.

చెబితే సంబంధం పోదా? కొన్ని పోతాయి. ఆ బాధ చిన్నదని నేననను. నా దగ్గరికి వచ్చే ఒక టీచరమ్మకి రెండు సంబంధాలు అలాగే తప్పిపోయాయి. మూడో అబ్బాయి ‘మీ డాక్టరుతో ఒకసారి మాట్లాడొచ్చా’ అన్నాడు, ఆమెతో పాటు వచ్చి ఒక కాగితం నిండా ప్రశ్నలు అడిగాడు. అందులో ఒకటి, ‘మా ముహూర్తం రాత్రి రెండింటికి పెట్టారు, మార్చమంటారా?’ అని. మార్చమన్నాను. మీకూ అదే చెప్తున్నాను. మన పెళ్లిళ్లలో పెళ్లికూతురికి ముందు రోజు నుంచీ నిద్ర ఉండదు, తిండి ఉండదు, ఆ హడావిడిలో మాత్రల సంగతి మరిచిపోతారు. పగటి ముహూర్తం పెట్టించుకోండి. కుదరకపోతే ఆ మధ్యాహ్నం గది తలుపు వేసుకుని నిద్రపోండి. మాత్రల డబ్బా బాధ్యత ఒక్కరికి, మీ చెల్లికో స్నేహితురాలికో, అప్పగించండి. ఉపవాసం ఉన్నా మాత్ర మాత్రం టైముకు పడాలి.

ఆయనకు చెప్పాక ఇదొకటి నేర్పండి. ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, తల కింద మెత్తనిది పెట్టాలి, గడియారం చూడాలి. చేతిలో తాళాలు, ముక్కు దగ్గర ఉల్లిపాయ, నోట్లో చెంచా ఏవీ వద్దు. అయిదు నిమిషాలు దాటినా, తెలివి రాకుండా మళ్లీ వచ్చినా 108కి ఫోన్ చేయాలి.

ఈ వారమే మీ న్యూరాలజిస్టు అపాయింట్‌మెంట్ తీసుకోండి. మొదటి ఈఈజీ, ఇప్పటిదాకా వాడిన మాత్రల అట్టలు, గత ఏడాది నెలసరి తేదీలు పట్టుకెళ్లండి. ‘పెళ్లి చూస్తున్నారు, ఈ మాత్ర మార్చాలా’ అని ఆ ఒక్క వాక్యంతోనే మొదలుపెట్టండి. వీలైతే పెద్దమ్మ గారిని కూడా తీసుకెళ్లండి, ఆమె భయం మీ మీద ప్రేమతోనే కదా. మార్పు మొదలయ్యాక ఎలా ఉందో ఇక్కడ రాయండి. పొద్దుటి అదుర్లు తిరిగి కనిపిస్తే మాత్రం, ఇక్కడ రాసేముందు మీ డాక్టరుకు ఫోన్ చేయండి.